ముఖం మారాక పంతొమ్మిది నెలలు

2023 నవంబర్ 18, శనివారం సాయంత్రం. ఎండుటాకుల కుప్ప తడిసి ఉండి అంటుకోవడం లేదని నా స్నేహితుడు సీసాలోని పెట్రోల్ దాని మీద పోశాడు. అగ్గిపుల్ల గీసింది నేను. దాన్ని కుప్ప మీద వేయనేలేదు, ఇంకా నా చేతిలోనే ఉంది. పెట్రోల్ ఆవిరి గాలి కన్నా బరువుగా ఉంటుందని, నేల మీద పాకుతూ అప్పటికే నా చుట్టూ చేరిందని తర్వాత ఆస్పత్రిలో చెప్పారు. మంట కనబడిన గుర్తు లేదు. కళ్ల ముందు తెల్లటి వెలుగు, దుప్పటి దులిపినట్టు ఒక చప్పుడు. అంతే గుర్తుంది.

అప్పుడు నాకు పదిహేనేళ్లు, ఇప్పుడు పదిహేడు. ఈ మధ్యలో జరిగినవన్నీ తేదీలతో సహా ఒక నోట్‌బుక్‌లో ఉన్నాయి. మొదటి పేజీలు అమ్మ రాసింది, తర్వాతవి నేను. గాయం గురించి ఆస్పత్రిలో అన్నీ వివరంగా చెప్పారు. బయటికొచ్చాక మనుషులతో ఎలా ఉంటుందో చెప్పినవాళ్లు తక్కువ. అందుకే రాస్తున్నాను.

ఆ సాయంత్రం నా స్నేహితుడి అక్క పరుగెత్తుకొచ్చి పైపుతో నా మొహం మీద నీళ్లు పోసింది. అంబులెన్స్ వచ్చేదాకా, ఇరవై నిమిషాల పైనే, ఆపకుండా పోస్తూనే ఉంది. ఎవరో టూత్‌పేస్ట్ తెస్తే రాయనివ్వలేదట. ఆ నీళ్లే లేకపోతే గాయం ఇంకా లోతుకి దిగేదని డాక్టర్ అన్నారు. నా కనురెప్పలు మిగిలాయంటే సగం ఆ అక్క వల్లే.

ఆస్పత్రికి వెళ్లేసరికి నేను మామూలుగానే మాట్లాడుతున్నాను. నొప్పి కూడా నేను అనుకున్నంత లేదు. "చిన్నదే కదా డాక్టర్?" అని అడిగాను. ఆవిడ అబద్ధం చెప్పలేదు. "ఇప్పుడు బాగానే ఉన్నావు. రాత్రికి మొహం, గొంతు బాగా వాస్తాయి. వాచాక ఊపిరి ఆడటానికి ట్యూబ్ వేయడం కష్టం, అందుకే ఇప్పుడే వేస్తున్నాం" అన్నారు. తర్వాత నాలుగు రోజులు నాకు తెలియవు. రెండో రోజు వాపు ఎంత పెరిగిందంటే, అమ్మ నన్ను కాళ్లు చూసి గుర్తుపట్టిందట. ఈ మాట అమ్మ నాకు ఏడాది తర్వాత చెప్పింది.

అయిదో రోజు కళ్లు సన్నగా తెరుచుకున్నాయి.

ఆ రోజుల్లో నన్ను ఎక్కువ భయపెట్టింది ఆపరేషన్ కాదు, పొద్దున్నే చేసే డ్రెస్సింగ్. దాదాపు నలభై నిమిషాలు. పాత మందంతా కడిగి, చనిపోయిన చర్మం తీసేసి, కొత్తగా మందు రాస్తారు. నొప్పి మందు ఇచ్చినా సరిపోయేది కాదు. ముందు రోజు రాత్రి నుంచే టెన్షన్ మొదలయ్యేది. ఒక నర్సు నాతో ఒప్పందం చేసుకున్నారు. నేను చెయ్యి పైకెత్తితే ఆవిడ పది లెక్కపెట్టేదాకా ఆపాలి, ఆ తర్వాత నేను మళ్లీ ఎత్తకుండా కాసేపు ఓర్చుకోవాలి. నొప్పి అంతే ఉంది కానీ దాన్ని ఆపే వీలు నా చేతిలో ఉందన్న ధైర్యం వచ్చింది. మీకు డ్రెస్సింగులు జరుగుతుంటే ఇది అడగండి.

మొహాన్ని వెంటనే ఆపరేషన్ చేయరని కూడా నాకు అప్పుడే తెలిసింది. మొహంలో రక్తప్రసరణ ఎక్కువ కాబట్టి తనంతట తాను మానేది ఎంతో చూడాలని రెండు వారాలు ఆగారు. నుదురు, కుడి చెంప, ముక్కు మానాయి. ఎడమ చెంప, దవడ, పైపెదవి మీద ఎడమ సగం, మెడ ముందు భాగం మానలేదు. వాటికి చర్మం అతికించాలన్నారు.

పదహారో రోజు, డిసెంబర్ 4న ఆపరేషన్. చెంపకి తల మీది చర్మం తీసి వేశారు, మెడకి తొడ మీదిది. తల మీది చర్మం రంగు మొహానికి దగ్గరగా ఉంటుందట. "అయితే చెంప మీద జుట్టు మొలుస్తుందా?" అని అడిగాను. చాలా పల్చటి పొర మాత్రమే తీస్తారని, వెంట్రుకల కుదుళ్లు లోపలే ఉండిపోతాయని, తల మీద జుట్టు మళ్లీ వస్తుందని, చెంప మీద మొలవదని చెప్పారు. ఆ "మొలవదు" అన్న మాటకి అర్థం నాకు ఏడాది తర్వాత గాని తెలియలేదు.

లేచాక ఆశ్చర్యం ఏమిటంటే, చెంప కన్నా తొడే ఎక్కువ నొప్పి పుట్టింది. చర్మం తీసిన చోటు మోకాలు చెక్కుకుపోయినట్టు మండుతుంది, రెండు వారాల దాకా. దీని గురించి ముందే ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే బావుండేది. అయిదు రోజులు మాట్లాడకూడదు, నమలకూడదు, నవ్వకూడదు. కావలసినవి కాగితం మీద రాసి చూపించేవాడిని. కట్టు విప్పితే అంతా బాగానే పట్టింది, పెదవి పక్కన బొటనవేలి గోరంత ముక్క తప్ప. దాని కింద రక్తం చేరి అతుక్కోలేదు. డిసెంబర్ 15న మళ్లీ చిన్న ఆపరేషన్. మొదటి పెద్ద ఆపరేషన్‌కి నేను ఏడవలేదు. గోరంత ముక్క కోసం ఆ రాత్రంతా ఏడ్చాను.

మా వార్డులో అద్దం లేదు. బాత్రూంలో కూడా లేదు. అమ్మ నా ఫోన్ ఏదో వంకతో ఇంటికి పంపేసింది. అయినా నేను రాత్రిపూట కిటికీ అద్దంలో చూసుకునేవాడిని, కట్లు, నీడ తప్ప ఏమీ కనబడేది కాదు. డిసెంబర్ 21న సైకాలజిస్ట్ ఒక చిన్న చేతి అద్దం తెచ్చారు. దాన్ని బోర్లించి నా చేతికిచ్చి, "ఎంత చూడాలో, ఎప్పుడు ఆపాలో నీ ఇష్టం. అమ్మ ఉండాలా, బయటికి వెళ్లాలా అదీ నీ ఇష్టం" అన్నారు. అమ్మని బయట ఉండమన్నాను.

ముందు కుడి చెవి చూశాను. తర్వాత నుదురు. తర్వాత అద్దాన్ని కొంచెం కొంచెం ఎడమకి జరిపాను. చెంప ఊదారంగులో ఉంది, అంచుల్లో కుట్టు వేసినట్టు గీత. పెదవి మూల కిందికి లాగినట్టుంది. బాధ రాలేదు. ఎవరిదో ఫోటో చూస్తున్నట్టు అనిపించింది, అదే ఎక్కువ భయం వేసింది. "ఇది తగ్గుతుందా?" అన్నాను. "ముందు ఇంకా పెరుగుతుంది. నాలుగైదు నెలలు ఎర్రగా, ఎత్తుగా అవుతుంది. ఆ తర్వాత మెల్లగా తగ్గుతుంది. ఏడాదిన్నర, రెండేళ్లు పట్టొచ్చు. పాత మొహం మాత్రం రాదు" అన్నారు. ఆ మాటకి ఆరోజు ఆవిడ మీద చాలా కోపమొచ్చింది. మార్చిలో నా మచ్చలు నిజంగానే లావెక్కినప్పుడు, ఏదో తప్పు జరిగిపోయిందని మా ఇంట్లో అందరూ హడలిపోతుంటే, నేనొక్కడినే స్థిమితంగా ఉన్నాను. ఆవిడ ముందే చెప్పారు కాబట్టి.

నలభై అయిదు రోజుల తర్వాత, 2024 జనవరి 2న ఇంటికొచ్చాను. ఫోన్ చేతికొచ్చింది. మొహం ముందు పెడితే తెరుచుకోలేదు. మళ్లీ పెట్టాను, తెరుచుకోలేదు. అది నన్ను గుర్తుపట్టలేదు. నంబర్ కొట్టి తెరిచి, పాత మొహం తీసేసి కొత్తగా నమోదు చేయడానికి కూర్చున్నాను. తల గుండ్రంగా మెల్లగా తిప్పమంటుంది కదా, అలా తిప్పుతూ నా మొహాన్ని అన్ని వైపుల నుంచి చూసుకోవాల్సి వచ్చింది. చేతి అద్దంలో రానిది అప్పుడొచ్చింది. మంచం మీద ఫోన్ బోర్లించి చాలాసేపు అలాగే ఉండిపోయాను. నాన్న గుమ్మం దాకా వచ్చి, ఏమీ అడక్కుండా నా పక్కన వచ్చి కూర్చున్నారు.

తర్వాత మాస్క్. మచ్చలు ఎత్తుగా పెరగకుండా మొహాన్ని నొక్కిపట్టే పారదర్శకమైన గట్టి ప్లాస్టిక్ మాస్క్. జనవరి 19న దానికి కొలత తీశారు, అంటే మొహమంతా ప్లాస్టర్ పూసి అచ్చు తీయడం. కళ్లు మూసి, ముక్కు దగ్గర మాత్రం ఖాళీ వదిలి, ఆరేదాకా కదలకూడదు. ప్లాస్టర్ ఆరేటప్పుడు వేడెక్కుతుందని చెప్పడం మర్చిపోయారు. కళ్లు మూసుకుని మొహం మీద వేడి తగలగానే నేను మళ్లీ ఆ పెరట్లో ఉన్నాను. అరిచి పీకేసుకున్నాను. రెండోసారి మా అక్క నా చెయ్యి పట్టుకుని నిమిషాలు చదువుతూ ఉంటే పూర్తయింది. మీకు అచ్చు తీస్తుంటే ముందుగానే అడగండి, వేడెక్కుతుందా, ఎంతసేపు, మధ్యలో ఆపొచ్చా అని.

మాస్క్ ఫిబ్రవరి 6న వచ్చింది. మొదట రెండేసి గంటలు, తర్వాత పెంచుకుంటూ రోజుకి ఇరవై గంటలు దాటి. తినేటప్పుడు, కడుక్కునేటప్పుడు తప్ప ఎప్పుడూ అదే. లోపల సిలికాన్ షీట్. చెమట నిలిచి వాసన వచ్చేది, రోజూ రెండుసార్లు సబ్బుతో కడిగేవాళ్లం. అతికించిన చర్మానికి చెమట పట్టదు కాబట్టి మిగతా మొహమంతా ఇంకా ఎక్కువ చెమట పడుతుంది. దురద గురించి ఎంత చెప్పినా తక్కువే. రాత్రి రెండింటికి లేచి కూర్చునేవాడిని. మందులు కొంత పనిచేశాయి. గోకకుండా అరచేత్తో తట్టడం, క్రీము రాసి నొక్కుతూ రుద్దడం ఇంకా బాగా పనిచేశాయి.

పెదవి మూల బిగుసుకుపోకుండా నోటి వ్యాయామం కూడా ఉండేది. నాలుక అదిమి చూసే చెక్కపుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టుకోవాలి, పట్టినన్ని పుల్లలు. ఇంటికొచ్చిన రోజు పదకొండు పట్టాయి. రోజూ ఆ సంఖ్య నోట్‌బుక్‌లో రాసేవాడిని. ఈ సంఖ్యలు తర్వాత మరో పనికి వచ్చాయి.

నిద్ర పట్టని రాత్రుల్లో నాలాంటి వాళ్ల గురించి వెతికి చదివాను. మొదటి ప్రపంచ యుద్ధంలో మొహాలు ఛిద్రమైన సైనికులకి ఇంగ్లండ్‌లోని సిడ్‌కప్‌లో 1917లో ఒక ఆస్పత్రి తెరిచారు. హెరాల్డ్ గిల్లీస్ అనే సర్జన్ అక్కడ పనిచేశారు. ఆ వార్డుల్లోనూ అద్దాలు ఉండేవి కావట. ఆస్పత్రి నుంచి ఊళ్లోకి వెళ్లే దారిలో కొన్ని బల్లలకి నీలం రంగు వేశారు. ఆ బల్ల మీద కూర్చున్న మనిషిని చూస్తే ఉలిక్కిపడొచ్చు, ముందే సిద్ధంగా ఉండండి అని ఊరివాళ్లకి హెచ్చరిక. రెండో ప్రపంచ యుద్ధం నాటికి గిల్లీస్ బంధువే అయిన ఆర్చిబాల్డ్ మెకిండో, ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ అనే ఊళ్లో కాలిన విమానచోదకులకి చికిత్స చేశారు. ఆయన ఊరివాళ్లతోనే మాట్లాడి, వీళ్లని మామూలు మనుషుల్లాగా ఇళ్లకి పిలవండని ఒప్పించారు. 1941లో ఆ రోగులు కలిసి ఒక క్లబ్బు కూడా పెట్టుకున్నారు. గుడ్లప్పగించి చూడని ఊరు అని ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌కి పేరొచ్చింది.

ఈ రెండూ చదివి నేను చాలా ఆలోచించాను. స్కూల్‌కి వెళ్లేది నేను. నా క్లాసులో నాకు నీలం బల్ల వద్దు. సైకాలజిస్ట్‌ని అడిగితే, వెళ్లే ముందు క్లాసుకి చెప్పించడం మంచిదే, కానీ ఏం చెప్పాలో నువ్వే రాయి అన్నారు. ఒక పేజీ రాశాను, మూడుసార్లు మార్చాను. ఏం జరిగింది, మాస్క్ ఎందుకు, ఇది అంటుకునేది కాదు, ముట్టుకుంటే నొప్పి పుట్టదు, ఒకసారి అడగొచ్చు, రోజూ అడగొద్దు. నా కొత్త ఫోటో కూడా దానితో పంపాను. మార్చి 8న క్లాస్ టీచర్ చదివి వినిపించారు, 11న సోమవారం నేను వెళ్లాను.

గేటు దగ్గర గుండె దడదడలాడింది. లోపలికి వెళ్లాక నేను భయపడినట్టు ఎవరూ అరవలేదు, నవ్వలేదు. నా క్లాసువాళ్లు బాగానే ఉన్నారు, వాళ్లకి ముందే తెలుసు కాబట్టి. తెలియని వేరే క్లాసులవాళ్లతోనే ఇబ్బంది. మెట్ల మీద నేనొస్తుంటే మాటలు ఆగిపోయేవి, నేను దాటగానే మొదలయ్యేవి. ఒకడు వెనక నుంచి నాకో పేరు పెట్టి పిలిచాడు. ఆ పేరు ఇక్కడ రాయను. దాన్ని ఇంకొకరి నోటికి అందించడం నాకిష్టం లేదు.

అన్నిటికన్నా ఎక్కువ నొప్పించింది ఒక టీచర్. ఆవిడ చాలా మంచిగా ఉండేవారు. హోంవర్క్ అడిగేవారు కాదు, తప్పు చేసినా ఏమీ అనేవారు కాదు, క్లాసులో ఒక్క ప్రశ్న కూడా వేసేవారు కాదు. అందరినీ వరుసగా అడుగుతూ వచ్చి నన్ను దాటేసి పక్కవాడిని అడిగేవారు. అలా ఆరు వారాలు. కాలింది నా చెంప, బుర్ర కాదు. చివరికి నాన్న వెళ్లి మాట్లాడారు. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుని, నిన్ను ఇబ్బంది పెట్టకూడదనే అలా చేశాను అన్నారు. మర్నాడు నన్ను అడిగారు, నాకు జవాబు రాలేదు. ఆరోజు ఎంత సంతోషంగా ఇంటికెళ్లానో మాటల్లో చెప్పలేను.

తినడం ఇంకో సమస్య. పెదవి ఎడమ మూల స్పర్శ లేదు, ఏదైనా కారుతున్నా తెలియదు. మాస్క్ తీసి అందరి ముందు తినాలంటే సిగ్గేసేది. రెండు నెలలు ఖాళీ గదిలో ఒక్కడినే తిన్నాను. చివరికి ఒక అమ్మాయితో ఏర్పాటు చేసుకున్నాను, ఏదైనా అంటుకుంటే తన పెదవి మూల వేలితో తాకి చూపిస్తుంది. నేను తుడుచుకుంటాను. ఇంకెవరికీ తెలియదు.

పెట్రోల్ పోసిన నా స్నేహితుడు ఈ అయిదు నెలల్లో నన్ను చూడ్డానికి ఒక్కసారి కూడా రాలేదు. వాడికి వెంట్రుక కూడా కాలలేదు. 2024 ఏప్రిల్ 21న, ఆదివారం, వాళ్ల నాన్నతో వచ్చాడు. గదిలో ఇద్దరమే ఉన్నాం. నేల చూస్తూ కూర్చున్నాడు. నాకు పెట్రోల్ గురించి కోపం లేదు. నా మొహం చూడనందుకు కోపమొచ్చింది. మాస్క్ తీసేసి, "ఒరేయ్, చూడరా ఇటు" అన్నాను. చూశాడు. ఏడ్చాడు. "నేనే పోశాను కదరా" అన్నాడు. "గీసింది నేను" అన్నాను. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ వాడు రోజూ గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయేవాడని వాళ్ల నాన్న వెళ్లేటప్పుడు చెప్పారు. నాకది తెలియదు. ఆ రోజు నుంచి స్కూల్‌కి కలిసే వెళ్తున్నాం, నా ఎడమ పక్కన నడుస్తాడు. ఎందుకని నేను అడగలేదు.

జూన్‌లో బస్సులో జరిగింది ఇంకా మర్చిపోలేను. ముందు సీట్లో నాలుగేళ్ల బాబు వెనక్కి తిరిగి నన్ను చూసి, "అమ్మా, విలన్" అన్నాడు. వాళ్లమ్మ వాడి తల గభాల్న అటు తిప్పేసి, "చూడకు, తప్పు" అని, సామాను తీసుకుని వేరే సీటుకి వెళ్లిపోయింది. బాబు మాటకి నాకు బాధ లేదు. వాడు చూసిన సినిమాలూ కార్టూన్లూ వాడికి అదే నేర్పాయి. మొహం మీద మచ్చ ఉంటే చెడ్డవాడు. నేనూ చిన్నప్పుడు అలాగే అనుకున్నాను. ఆమె లేచి వెళ్లిపోవడం వల్ల వాడికి అది నిజమని తేలిపోయింది, అదే బాధ. నేను ప్రమాదకరమైన మనిషినని వాడు ఇంటికెళ్లి నమ్ముతాడు. ఇలా అనుకునేది నేనొక్కడినే కాదని తర్వాత తెలిసింది. 2018లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, మచ్చల్ని చెడ్డతనానికి గుర్తుగా చూపించే సినిమాలకి ఇక డబ్బు ఇవ్వబోమని ప్రకటించింది. ఛేంజింగ్ ఫేసెస్ అనే సంస్థ చేసిన ప్రచారంతో అది జరిగింది. ఆ సంస్థని 1992లో పెట్టిన జేమ్స్ పార్ట్రిడ్జ్‌కి 1970లో, పద్దెనిమిదేళ్ల వయసులో, కారు మంటల్లో మొహం కాలింది. ఆయన 2020లో చనిపోయారు. మొహం కాలినప్పటి నాకన్నా అప్పటి ఆయన మూడేళ్లే పెద్దవాడు, అన్నది చాలాకాలం నా మనసులో తిరిగింది.

బస్సు సంగతి సైకాలజిస్ట్‌కి చెబితే ఒక పద్ధతి సాధన చేయించారు. ఎవరైనా చూస్తూ ఉండిపోతే నేనే ముందు మాట్లాడాలి. ఏం జరిగిందో ఒక్క వాక్యం, ఇప్పుడు బాగానే ఉన్నానని ఇంకో వాక్యం, వెంటనే మాట వేరే దాని మీదికి మళ్లించాలి. "మంటల్లో కాలింది, ఇప్పుడు నొప్పి లేదు, ఈ బస్సు ఎన్నింటికి వెళ్తుంది?" అద్దం ముందు అమ్మతో, అక్కతో యాభైసార్లు పలికాను. మొదటిసారి బయట చెప్పినప్పుడు గొంతు వణికింది. పదోసారికి మామూలైంది. అయితే దీని గురించి నా మాట ఒకటి చెప్పాలి. ఇది పనిచేస్తుంది, కానీ అలసట. ఎదుటివాళ్ల ఇబ్బందిని తీర్చే పని రోజంతా నాదే అవుతుంది. కొన్ని రోజులు నేను చెప్పను. తల తిప్పుకుని కిటికీలోంచి చూస్తాను. అలాంటి రోజులు ఉండొచ్చని సైకాలజిస్టే ఒప్పుకున్నారు.

ఎడమ కన్ను కింది రెప్పని మచ్చ కిందికి లాగడంతో నీళ్లు కారేవి, రాత్రి టేపు వేసి పడుకునేవాడిని. ఆపరేషన్ తేదీ కోసం పదకొండు వారాలు ఎదురుచూశాం. ఆగస్టు 22న చెవి వెనక చర్మం తీసి రెప్పకి వేశారు. మర్నాడే ఇంటికి పంపారు. అన్నిటిలోకీ తేలికగా గడిచింది ఇదే.

డబ్బు గురించి చెప్పాలి. పెద్ద ఆపరేషన్లకి ఇన్సూరెన్స్ వచ్చింది. మమ్మల్ని కుంగదీసింది చిన్నచిన్నవి, నెలనెలా వచ్చేవి. సిలికాన్ షీట్లు, క్రీములు, ఎండకి రాసే లోషన్, రానుపోను ప్రయాణాలు, అమ్మ పనికి పోలేకపోయిన రోజులు. నేను ఎదుగుతున్నాను కాబట్టి మాస్క్ రెండుసార్లు మార్చాల్సి వచ్చింది, రెండోది మా డబ్బే. ఆ తర్వాత పెదవి మూల విడదీసే ఆపరేషన్ అడిగితే, 2024 అక్టోబర్ 9న ఉత్తరం వచ్చింది, అందం కోసం చేసేది కాబట్టి ఇవ్వం అని. నాన్న ఆ కాగితం పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. నేను నోరు తెరిచి తినడం అందం కోసమా? అప్పుడు నా నోట్‌బుక్ పనికొచ్చింది. పదకొండు పుల్లల నుంచి పదిహేనుకి వెళ్లి, అక్కడ ఆగి, మళ్లీ పన్నెండుకి దిగిన లెక్క తేదీలతో ఉంది. దానికి డాక్టర్ ఉత్తరం, పళ్ల డాక్టర్ వెనక పళ్లు చూడలేకపోతున్నానని రాసిచ్చిన కాగితం జతచేసి మళ్లీ పంపాం. నాలుగు నెలలు పట్టింది. కొంత భాగం ఒప్పుకున్నారు. 2025 ఫిబ్రవరి 20న ఆపరేషన్ అయింది. ఇప్పుడు పంతొమ్మిది పుల్లలు. మొదటి రోజు నుంచి అన్నీ రాసి పెట్టుకోండి, ఫోటోలు తీసి పెట్టుకోండి.

ఆ చలికాలంలోనే నాకు మీసం వచ్చింది. కుడివైపు మాత్రమే. అతికించిన చర్మం మీద వెంట్రుక మొలవదని ఏడాది క్రితం విన్న మాట అప్పుడు అర్థమైంది. స్నేహితులందరూ మీసాలు చూసుకుంటున్న వయసు. నేను తలుపు వేసుకుని సగం మీసం గీసేసుకున్నాను. వారం వారం గీస్తూ రెండు నెలలయ్యాక ఆపేశాను. ఎవరి కోసమూ కాదు, గీసిన ప్రతిసారీ మచ్చ అంచున బ్లేడు తగిలి రక్తం వచ్చేది.

మార్చిలో పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ నా కార్డు చూసి, నన్ను చూసి, మళ్లీ కార్డు చూసి లేపి నిలబెట్టారు. ఫోటో నాది కాదన్నారు. అందరూ రాయడం ఆపి చూస్తున్నారు. ఆఫీసు గదికి పంపి, ఫోన్లు చేసి, నేనే అని తేల్చేసరికి ఇరవై అయిదు నిమిషాలు పోయాయి. తిరిగి ఇచ్చింది పదిహేను. డాక్టర్ ఉత్తరం ఎప్పుడూ బ్యాగులో ఉంచుకోండి, నేను ఇంట్లో వదిలేశాను.

ఏప్రిల్ 10న మాస్క్ ఇక అక్కర్లేదన్నారు. పద్నాలుగు నెలలు దాన్ని ద్వేషించినవాడిని, తీసేశాక మొదటి వారం బయటికి వెళ్లలేకపోయాను. మాస్క్ ఉన్నప్పుడు జనం చికిత్స జరుగుతోందనుకునేవాళ్లు, "ఏమైంది బాబూ, ఎప్పటికి తగ్గుతుంది?" అని అడిగేవాళ్లు. ఇప్పుడు అడగరు. ఇది ఇంతే అని తెలిసిపోయి చూపు తిప్పుకుంటారు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. మాస్క్ తీసే రోజు దగ్గరపడుతుంటే మళ్లీ సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి. నేను ఆలస్యంగా వెళ్లాను.

కార్డు మీద ఫోటో మార్చడానికి జూన్ మొదటి వారంలో స్టూడియోకి వెళ్లాను. స్నేహితుడూ వచ్చాడు. పది నిమిషాల్లో ఫోటోలు ఇచ్చారు. చూస్తే చెంప నున్నగా ఉంది, పెదవి రెండు పక్కలా సమానంగా ఉంది. అడక్కుండానే కంప్యూటర్లో సరిచేశారు. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం నాకు నచ్చింది. కవరులో పెట్టేసుకుందామనుకున్నాను. నా భుజం మీంచి చూసి, "వీడెవడ్రా?" అన్నాడు వాడు. సరదాకి అనలేదు, నిజంగానే అడిగాడు.

మళ్లీ తీయమని అడిగాను. ఫోటో తీసే ఆయన, బాగుంటుందని అలా చేశాను బాబూ అన్నారు. ఉన్నది ఉన్నట్టు కావాలి, లేకపోతే పరీక్ష హాల్లో మళ్లీ లేపుతారు అన్నాను. ఇంకో ఇరవై నిమిషాలు ఆగాం. రెండో ఫోటోలో ఎడమ చెంప ఎర్రగా ఉంది, మీసం సగంలో ఆగిపోయింది. దరఖాస్తుకి దాన్నే అతికించాం.